గుంటలో పడుకున్న మనిషి

మరియమాత పుట్టినరోజు పండగనాడు పూజ ముగిశాక, ఫాదర్ కాస్పర్ పక్కపీఠం దగ్గరికి నడిచి, గోడకి కొత్తగా తగిలించిన మొక్కుబడి పటం మీది గుడ్డ లాగాడు. పవిత్రజలం చిలకరించి ప్రార్థన చదివాడు. జనమంతా మెడలు సాచారు. ఆ తర్వాత ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వాపుకోలేక ముక్కుతో బుస్సుమన్నారు. ఆ నవ్వు నడవ దాటి మగవాళ్ళ బల్లల మీదికి పాకింది.

మొదటి బల్లలో నిలబడ్డ వెండెలిన్‌కి ఏమీ అంతుపట్టలేదు. అది తన భార్య వాల్‌బుర్గా చెల్లించుకుంటున్న మొక్కు. పోయిన చలికాలంలో నెలలు నిండకుండానే కాన్పొచ్చింది. పెళ్ళైన ఎన్నో ఏళ్ళకి కడుపు పండితే, ఆ బిడ్డ దక్కలేదు. మనిషి మాత్రం బతికి బయటపడింది. ఇందులో నవ్వడానికేముంది? ఒక అడుగు పక్కకి వేసి తనూ చూశాడు.

పటం పెద్దదేం కాదు, రొట్టెలు కోసే పలకంత ఉంటుంది. పైన మబ్బుల్లో మరియమాత, ఒళ్ళో బాలయేసు. నడుమ తన ఇల్లే. నీలిగళ్ళ దుప్పటి పరిచిన మంచం, మంచం మీద వాల్‌బుర్గా, ఆమె చేతుల్లో గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు. బిడ్డ తల పైన చిన్న ఎర్ర సిలువ, చచ్చిపోయినవాళ్ళకి గీసే గుర్తు. మంచం పక్కన గిన్నె పట్టుకుని నిలబడ్డ తన తల్లి. ఇక కింద కుడిమూల, తెల్లటి మంచులో బోల్తా కొట్టిన మంచుబండి. దాని పక్క గుంటలో వెల్లకిలా పడుకున్న ఒక మనిషి. ఒంటి మీద ఆకుపచ్చ కోటు. వెండెలిన్ కోటే. గద్ద ముక్కు, దాని కొసన ఎర్రరంగు ధారాళంగా వాడాడు చిత్రకారుడు. చేతికందేంత దూరంలో పక్కకి ఒరిగిన బీరు ముంత.

వెండెలిన్ చెవులు కాలిపోయాయి.

వాళ్ళ ఊరు ఎర్లన్‌రీడ్‌లో వెండెలిన్ అంటే ఆషామాషీ మనిషి కాదు. వెనకటి యుద్ధంలో స్వీడన్ సైన్యాలు తగలబెట్టాలని చూసినా నిలిచిన పాత చర్చి ఒక్క పిడుగుకి కూలిపోతే, ఊరంతా "ఏవో అతుకులేసుకుందాం" అంది. "అతుకులెందుకు, కొత్తది కడదాం. మఠంవాళ్ళు మేస్త్రీలని పంపుతారు, రాయీ ఇసకా మనం తోలదాం" అని గడప గడపకీ తిరిగి ఒప్పించినవాడు అతనే. మొదటి బండెడు రాయి తన ఎడ్లే లాగాయి. మఠాధిపతి అతన్ని చర్చి పెద్దని చేశాడు. వెస్సోబ్రున్ నుంచి గచ్చు పనివాళ్ళొచ్చి, వట్టి గచ్చుని గులాబీరంగు చలువరాయిలా నునుపు పెట్టి స్తంభాలు నిలబెట్టినప్పుడు, బుగ్గలు పూరించిన పసి దేవదూతల్ని కిటికీల మీద కూర్చోబెట్టినప్పుడు, అవన్నీ తన ఇంట్లో పుట్టినవే అన్నంత మురిసిపోయాడు. పొరుగూరివాళ్ళు చూడ్డానికొస్తే తాళంచెవి పట్టుకుని ముందు నడిచేవాడు.

అతనికి ఒక్కటే వెలితి. లోకప్పు మీద, అంటే చర్చి పైకప్పు లోపలి వైపు, మరియమాత స్వర్గారోహణం గీసిన పెద్ద చిత్రకారుడు, కింద అంచున ఊరివాళ్ళ ముఖాలు కొన్ని పెడతానన్నాడు. వెండెలిన్ ఆ పని జరిగినన్నాళ్ళూ గడ్డం నున్నగా గీయించుకుని, పరంజా కింద అటూ ఇటూ తచ్చాడాడు. చివరికి లోకప్పు మీదికి మఠాధిపతి ఎక్కాడు, ఫాదర్ ఎక్కాడు, మేస్త్రీ ఎక్కాడు, మేస్త్రీగారి కుక్క కూడా ఎక్కింది. వెండెలిన్ ఎక్కలేదు.

పండగ పూజ నుంచి బయటికొస్తుంటే మిల్లు గాలస్ గుమ్మం దగ్గరే పట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, లోకప్పులో చోటు దొరకలేదని తెగ బెంగపడ్డావు. చూశావా, గోడ మీద దొరికింది! పైగా నిలబడే శ్రమ కూడా లేదు. హాయిగా పడుకోవచ్చు."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. వెండెలిన్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని నడక సాగించాడు. గాలస్‌కి ఏం జవాబు చెప్తాడు? ఆ రోజు గుంటలోంచి తనని భుజాన వేసుకుని తెచ్చింది గాలసే.

ఇంటిదారిలో అతను ముందు, వాల్‌బుర్గా వెనక నడిచారు. ఒక్క మాట లేదు. అతనికి కోపం పొంగుకొస్తోంది. ఆ కోపం అడుగున ఇంకోటి కదులుతోంది గానీ దాన్ని పైకి రానివ్వలేదు.

ఆ రోజు జరిగింది ఇదీ. పొద్దున్నే వాల్‌బుర్గాకి నొప్పులు మొదలయ్యాయి. "కొండ అవతలికెళ్ళి మంత్రసాని ఆఫ్రాని తీసుకురా, తొందరగా" అంది. అతను మంచుబండి కట్టాడు. దారిలో ఎర్ర ఎద్దు సత్రం. చర్చి లోపల పరంజా విప్పడం ఆ రోజే పూర్తయింది. పనివాళ్ళంతా సత్రంలో చేరి, అతని బండి చూసి కిటికీ తట్టారు. చర్చి పెద్ద లేకుండా పండగేమిటన్నారు. తొలి కాన్పు కదా, సాయంత్రానికి గానీ కాదులే అనుకున్నాడు. చలికి ఒక్క ముంత అనుకున్నాడు. ఆ ముంత లోకప్పు కోసం, దాని తర్వాతది స్తంభాల కోసం, ఆ తర్వాతది గంటల కోసం. ఎవరో బేరిపండ్ల సారా తీశారు. అతన్ని బల్ల ఎక్కించి పాడమన్నారు, పాడాడు. పొద్దు వాలుతుండగా బండెక్కితే, గుర్రం ఎటు పోవాలో తెలీక ఇంటిదారి పట్టింది. మలుపులో బండి తిరగబడింది.

ఇంట్లో అప్పటికే అంతా అయిపోయింది. బిడ్డ పుట్టి, పిల్లికూన లాగా కాసేపు మూలిగింది. చూపు సరిగా ఆనని అత్త గడప బయట తడుముకుని గిన్నెలో మంచు ఎత్తుకొస్తే, వాల్‌బుర్గా దాన్ని అరచేతిలో కరిగించి, బిడ్డ నెత్తిన పోసి, జ్ఞానస్నానం లేకుండా పోకూడదని ఫాదర్ బదులు తనే ఇచ్చింది. మాగ్నస్ అని పేరు పెట్టింది. పేరు పెట్టాక బిడ్డ ఎక్కువసేపు ఉండలేదు.

మర్నాడు మత్తు దిగాక వెండెలిన్ భార్యతో చెప్పాడు, "మంచు దారంతా కప్పేసింది. గుర్రం కాలు జారింది. నేను తల కొట్టుకుని పడిపోయాను." వాల్‌బుర్గా పడుకున్న చోటు నుంచే చెయ్యి చాచి అతని జుట్టు నిమిరింది. "నువ్వైనా బతికొచ్చావు" అంది.

ఊరంతటికీ తెలుసు. వాల్‌బుర్గాకి చెప్పే నోరు మాత్రం ఎవరికీ రాలేదు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే వెండెలిన్ టోపీ బల్ల మీదికి విసిరాడు.

"నన్ను బజారుకీడ్చావు! ఊరు ఊరంతా నవ్వింది. మఠాధిపతి వచ్చి చర్చిని ప్రతిష్ఠించే రోజు దగ్గరపడుతుంటే, చర్చి పెద్దని గుంటలో పడుకోబెడతావా? ఏం చెప్పి గీయించావు ఆ పటాల బార్తల్ గాడితో?"

వాల్‌బుర్గా పండగ టోపీ ముడి నెమ్మదిగా విప్పుకుంది. "నువ్వు నాకు చెప్పిందే చెప్పాను. మంచులో బండి బోల్తా పడిందన్నాను. వేరే ఏం చెప్తాను?"

"మరి..."

"వెండెలిన్, ఆ ముంత ఏంటి?"

అప్పుడు చూశాడు ఆమె ముఖం. చర్చిలోనూ దారిలోనూ ఆమె ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. ఆమె వెటకారం చేయలేదు. ఎత్తిపొడవలేదు. అడుగుతోంది, అంతే. నిజంగా తెలీక అడుగుతోంది.

అతను చెప్పి ఉండొచ్చు. నాలుక కొన దాకా వచ్చింది కూడా.

"ఆ బార్తల్ తాగుబోతు వెధవ. వేళాకోళానికి గీశాడు" అన్నాడు.

"మొక్కుపటంలో వేళాకోళమా?"

"వాడంతే."

"అలాగా" అంది వాల్‌బుర్గా. బకెట్టు తీసుకుని పశువుల పాకలోకి వెళ్ళిపోయింది.

పొయ్యి పక్క బల్ల మీద కూర్చున్న ముసలమ్మ ఒట్టీలియా, కోడలి అడుగులు దూరమయ్యేదాకా ఆగింది. కళ్ళు కాచే పునీతురాలి పేరు పెట్టుకున్నా ఆమె కళ్ళు ఎప్పుడో మసకబారాయి.

"ఒరే, నాకు కళ్ళు పోయాయి గానీ ముక్కు పోలేదురా" అంది. "ఆ రోజు గాలస్ నిన్ను తెచ్చి పడేసినప్పుడు ఇల్లంతా సత్రం కంపు కొట్టింది. నీ పెళ్ళాం ఒంట్లో నెత్తురు లేక పడుంది కాబట్టి దానికి తెలీలేదు. నీ కాపురం కదా అని నోరు కుట్టుకున్నా. ఇవాళ మళ్ళీ అబద్ధం ఆడావు చూడు, ఇది మాత్రం నేను మోయలేనురా."

వెండెలిన్ తల్లి వైపు చూడకుండా బయటికి నడిచాడు.

మర్నాడు బార్తల్ కొట్టానికి వెళ్ళాడు. బార్తల్ పెద్ద చిత్రకారుడేం కాదు. బీరువాల మీద గులాబీలు, తేనెపెట్టెల మీద పునీతులు, ఊళ్ళవాళ్ళకి మొక్కుపటాలు గీసుకుని బతికే మనిషి. ఎవరో పెళ్ళికూతురి బీరువా తలుపు మోకాళ్ళ మీద పెట్టుకుని ఆకులు దిద్దుతున్నాడు.

"ఏమోయ్, నా మీద నీకేం పగ? ఆ ముంత గీయమని ఎవడు చెప్పాడు నీకు?"

"ఎవరూ చెప్పలేదు" అన్నాడు బార్తల్, కుంచె ఆపకుండా. "చేతిలోంచి వచ్చింది."

"నీ చేతిని విరగ్గొడతా!"

"విరగ్గొట్టు. ఆ చేత్తోనే కదా ఆ రోజు నీ ముంత నింపింది. మర్చిపోయావా? నీ ఎదురుగా కూర్చున్నది నేనే. నీ ఇంట్లో కాన్పని నాకేం తెలుసు? నువ్వు చెప్పావా? 'ఏమిటి సంగతి, ఎటు బయల్దేరావు' అని అడిగితే 'ఊరికే' అన్నావు."



బార్తల్ తలుపు పక్కన పెట్టి, రంగు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నీ భార్య తను నేసిన నారబట్ట మడత ఒకటి పట్టుకొచ్చింది. ఇక్కడే, ఈ పెట్టె మీద కూర్చుంది. బిడ్డ సంగతి చెప్పింది. తర్వాత, 'మా ఆయన్ని కూడా వెయ్యి' అంది. ఎందుకమ్మా, కాన్పు పటంలో మగవాడెందుకు అన్నాను. 'ఆయన కోసం కూడా మొక్కాను' అంది. 'పొద్దున వెళ్ళిన మనిషి మధ్యాహ్నమైనా రాలేదు. మంచులో చచ్చిపోయాడనుకున్నాను. బిడ్డకి జ్ఞానస్నానపు నీళ్ళు పడేదాకా ఊపిరుండాలని సగం మొక్కు, ఆయన ప్రాణాలతో రావాలని సగం మొక్కు. తల్లి రెండూ తీర్చింది. ఆయన తల మీద మాత్రం సిలువ గీయకు. బతికే ఉన్నాడని తెలియాలి' అంది. రెండుసార్లు చెప్పింది ఆ మాట."

బయట ఎవరిదో బండి పోయింది. బార్తల్ అది పోయేదాకా ఆగాడు.

"నేను అంతా ఆమె చెప్పినట్టే గీశాను. గుంట గీశాను, బండి గీశాను. నిన్ను గీస్తుంటే ఆ రోజు గుర్తొచ్చింది. ఆమె ఏమో అలా మొక్కుకుంటోంది, మనమేమో సత్రంలో బల్లలు చరుస్తున్నాం. ముంత లేకుండా గీస్తే నేనూ నీతో కలిసి ఆమెకి అబద్ధం చెప్పినట్టే. గీసేశాను. ఆమెకి ముందే తెలుసేమో అనుకున్నాను. తెలీదా?"

"చెరిపెయ్" అన్నాడు వెండెలిన్. "దాని మీద కాస్త మంచు గీసెయ్. నీకు పుణ్యముంటుంది."

"మంత్రించిన పటం మీద నేను కుంచె పెట్టను. వెళ్ళి ఆమెతో మాట్లాడు."

కానీ వెండెలిన్ ఇంటికి వెళ్ళలేదు. వెళ్ళలేకపోయాడు. 'బతికే ఉన్నాడని తెలియాలి' అన్న మాట చెవిలో గింగురుమంటుంటే ఆమె ఎదురుగా ఎలా నిలబడతాడు? ఆ ముంత ఉన్నంతకాలం ప్రతి ఆదివారం ఆమె దాన్ని చూస్తుంది. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు చెప్పేస్తారు. ముంత లేకపోతే మంచు మిగులుతుంది, గుర్రం కాలు జారిన కథ మిగులుతుంది. ఆ ఆలోచన ఎంత నీచమో తెలుస్తూనే ఉంది. తెలిసే చర్చి వైపు నడిచాడు.

మధ్యాహ్నం. ఊరంతా పొలాల్లో ఉంది. తాళం అతని దగ్గరే ఉంటుంది. లోపల ఎవరూ లేరు. దక్షిణపు కిటికీల్లోంచి ఎండ దిగి, గచ్చు స్తంభాల మీద, బంగారు పూత ఆకుల మీద పడుతోంది. గంటల కింద గదిలో పనివాళ్ళు వదిలేసిన సున్నం తొట్టి ఉంది. చిన్న గిన్నెలో సున్నం కలుపుకుని, పాత కుంచె ఒకటి దొరకబుచ్చుకుని పటం ముందు నిలబడ్డాడు. ముంత మీద పూశాడు. సున్నం నూనెరంగు మీద నిలవలేదు, జారింది. మళ్ళీ పూశాడు. పల్చగా చారలు కట్టి, గుంటలో మనిషి కోటు మీదికి కారింది. కంగారుపడి తన కోటు చేతితో తుడిచాడు. ఆ చెయ్యి పైకి పోయింది. మంచం, నీలిగళ్ళ దుప్పటి, గుడ్డల్లో చుట్టిన బిడ్డ, అన్నిటి మీదా తెల్లటి మరక అడ్డంగా పరుచుకుంది. బిడ్డ ముఖం కనబడలేదు. దాని పైన ఎర్ర సిలువ మాత్రం మిగిలింది.

వెండెలిన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"దించు" అంది వెనక గొంతు.

ఫాదర్ కాస్పర్. పెద్దపీఠం పక్క తలుపులోంచి ఎప్పుడొచ్చాడో. వెండెలిన్ చేతిలో గిన్నె, కోటు చేతికి సున్నం. దాచుకోవడానికి ఏమీ లేదు.

"మేస్త్రీ ఈ పాత మొక్కుపటాలన్నీ తీసి పొయ్యిలో పెట్టమన్నప్పుడు ఎవరు అడ్డం పడ్డారు?" అన్నాడు ఫాదర్. ఆయన కసరలేదు, అరవలేదు. "'మా తాతల మొక్కులు, వీటి మీద చెయ్యి పడితే ఊరుకోను' అన్నది ఎవరు?"

"నేనే, ఫాదర్‌గారూ." ఆ మాట అంటూ అతను ఏడ్చేశాడు. "ఆ రోజు నేను..."

"నాకు చెప్పకు" అన్నాడు ఫాదర్. "నాకు చెప్పడం తేలిక. పాపాలు ఒప్పుకునే చీకటి పెట్టెలో మోకరించి చెప్పేస్తావు, నేను క్షమాపణ పలుకుతాను, లేచి పోతావు. ముందు ఇది తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టు. ఆ తర్వాత నా దగ్గరికి రా." పటం గోడ మీంచి తీసి అతని చేతుల్లో పెట్టాడు.

పటాన్ని కోటు కింద దాచుకుని ఊరి వీధిలో నడిచాడు వెండెలిన్. ఎవరూ ఎదురుపడలేదు గానీ, కిటికీలన్నీ తననే చూస్తున్నట్టనిపించింది.

వాల్‌బుర్గా పెరట్లో నార తీయడానికి అవిసె కట్టలు దంచుతోంది. తల మీద గుడ్డ నిండా నారపొట్టు.

"ఏంటి ఆ కోటు కింద?"

అతను పటం తీసి పెరటి బల్ల మీద పెట్టాడు. ఆమె చూసింది. చేతిలో కట్ట జారిపోయింది.

"ఎవరు చేశారు?"

"నేనే. ముంత చెరుపుదామని."

"బార్తల్ వేళాకోళానికి గీసిన ముంతేగా? దానికోసం బిడ్డ ముఖం మీద సున్నం పూస్తావా?"

"వేళాకోళం కాదు" అన్నాడు. అక్కణ్ణుంచి ఆగలేదు. సత్రం, కిటికీ తట్టడం, ఒక్క ముంత అనుకోవడం, గుంట, గాలస్, మర్నాడు చెప్పిన అబద్ధం, నిన్న చెప్పిన అబద్ధం. చెప్పేటప్పుడు నేల మీద నారపొట్టు వైపే చూశాడు.

వాల్‌బుర్గా జారిన కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఆఫ్రా దగ్గరికి అసలు వెళ్ళనే లేదా?"

"లేదు."

"పాడావా?"

"ఆఁ."

"నీ గొంతు బాగుంటుంది" అంది. ఆ మాటకి అతను దెబ్బ తిన్నట్టు తల దించాడు. "గాలస్‌కి తెలుసు. బార్తల్‌కి తెలుసు. సత్రంలో అందరికీ తెలుసు. అత్తకి?"

గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ తలుపు పట్టుకుని, "తెలుసే తల్లీ" అంది. "నన్ను తిట్టు. నా కొడుకుని కాపాడుకుందామనుకున్నా."

"అంటే నేనొక్కదాన్నే" అంది వాల్‌బుర్గా. "నిన్న చర్చిలో అందరూ నవ్వుతుంటే, నా బిడ్డని చూసి ఎందుకు నవ్వుతున్నారా అనుకున్నాను."

వెండెలిన్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"వాడు పోతాడని నాకు ముందే తెలుస్తూ ఉంది. గుండె మీద పెట్టుకుంటే చల్లబడిపోతున్నాడు. అలాంటప్పుడు మొక్కితే మొత్తం వాడికోసమే మొక్కాలి కదా? నేను సగం నీకు పెట్టాను. మంచులో ఎక్కడ పడున్నావో అని. ఆ సగం నాకు తిరిగిచ్చెయ్, వెండెలిన్. నా బిడ్డకి పెట్టుకుంటాను."

ఏం ఇవ్వగలడు?

వాల్‌బుర్గా నడుముకి కట్టుకున్న ముందుగుడ్డ కొస తొట్టినీళ్ళలో ముంచి, బల్ల ముందు కూర్చుని, బిడ్డ ముఖం మీంచి సున్నం తుడవసాగింది. రుద్దలేదు, అద్దింది. తడి గుడ్డకి సున్నం ఊడొచ్చింది. దుప్పటి గళ్ళు బయటపడ్డాయి, ఆకుపచ్చ కోటు బయటపడింది, ముంత కూడా బయటపడింది. బిడ్డ ముఖం మాత్రం సున్నం తిని కాస్త వెలిసిపోయింది. ఆమె దాన్ని ఎండలో పెట్టి ఆరేదాకా పక్కనే కూర్చుంది. ఆరాక, చేతులు కడుక్కుని, పటం గుండెకి ఆనించుకుని, చర్చికి తనే వెళ్ళి తనే తగిలించి వచ్చింది.

ఆ తర్వాత ఇంట్లో కేకలేం లేవు. వాల్‌బుర్గా అతనికి వండి పెట్టింది, బట్టలుతికింది, పశువుల సంగతి అడిగితే చెప్పింది. అంతకుమించి మాట లేదు. పడక ముసలమ్మ గదిలోకి మార్చుకుంది. ఊళ్ళోనూ నవ్వులు ఆగిపోయాయి. సున్నం సంగతి ఎలా పొక్కిందో పొక్కింది. గాలస్ కూడా ఎదురుపడితే టోపీ సర్దుకుని పక్కకి చూసేవాడు. వెటకారం చేసినా బాగుండు అనుకునేవాడు వెండెలిన్. నవ్వులకైతే కోపమైనా తెచ్చుకోవచ్చు. ఒకరోజు కొండ దాటి ఆఫ్రా గుమ్మం దాకా వెళ్ళాడు. ఆమె విని, "ఆ రోజంతా నేను ఇంట్లోనే ఉన్నాను నాయనా. పిలిస్తే వచ్చేదాన్ని" అంది. "నేనొస్తే బిడ్డ బతికేవాడా అని అడగకు. నాకు తెలీదు." అతను అడగడానికే వెళ్ళాడు. అడక్కుండానే వెనక్కొచ్చాడు. ఫాదర్ దగ్గరికెళ్ళి మోకరించి చెప్పాల్సింది చెప్పుకున్నాడు. తాళంచెవి కూడా ఆయనకే ఇచ్చేశాడు.

కోతలన్నీ అయ్యాక, ఆకులు రాలే రోజుల్లో మఠాధిపతి చర్చిని ప్రతిష్ఠించడానికి వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొచ్చాయి. మూసిన తలుపుల్ని మఠాధిపతి దండంతో తట్టాడు, పాటలు మొదలయ్యాయి, తాళంచెవి వెండెలిన్ బదులు గాలస్ అందించాడు. జనమంతా లోపలికి తోసుకుపోయాక, వెండెలిన్ సమాధుల గోడ దగ్గరే ఉండిపోయాడు. కొడుకు మట్టిదిబ్బ అక్కడే ఉంది. లోపలి నుంచి సాంబ్రాణి వాసన, వాద్యాల హోరు వస్తున్నాయి. ఈ రోజు కోసమే కదా అన్ని బళ్ళ రాయి తోలింది.

పక్క తలుపు తెరుచుకుని వాల్‌బుర్గా బయటికొచ్చింది.

"మీ అమ్మకి కాళ్ళు తేలిపోతున్నాయి. నేనొక్కదాన్నే పట్టుకోలేకపోతున్నాను. రా."

"ఆడవాళ్ళ వైపుకా?"

"మరి ఆవిడ ఎటుంది?" అని, అతను కదలకపోతే ఆగి చూసింది. "క్షమించాననుకోకు. ఆవిడ పడిపోతుంది, అందుకు పిలుస్తున్నా."

అతను వెనకే వెళ్ళాడు. ఆడవాళ్ళ బల్లల మధ్య తనొక్కడే మగవాడు. పండగ టోపీలన్నీ తిరిగి చూశాయి. నడవ అవతల మొదటి బల్లలో తన పాత చోటు ఖాళీగా ఉంది. తల ఒంచుకుని తల్లి నడుం పట్టుకుని నిలబెట్టాడు. వాల్‌బుర్గా అటుపక్క పట్టుకుంది. నడుమ ముసలమ్మ మసక కళ్ళు పైకెత్తి అటూ ఇటూ తిప్పుతోంది.

"వచ్చావా? ఏదో మెరుస్తోందిరా పైన. ఏంటది?"

"బంగారు పూతమ్మా" అన్నాడు గుసగుసగా. "పీఠం చుట్టూ కిరణాల్లా చెక్కారు."

"కప్పు మీద?"

చెప్పడానికి తలెత్తక తప్పలేదు. "మరియమాతని దేవదూతలు మోసుకుపోతున్నారు. నీలం కొంగు. కింద ఖాళీ సమాధి, దాని చుట్టూ శిష్యులు. చివర మఠాధిపతిగారు, ఫాదర్‌గారు, మేస్త్రీ."

"కుక్క ఉందన్నారు?"

"ఉంది. తెల్ల కుక్క."

"ఇటు పక్క గోడ మీదో?"

"మొక్కుపటాలమ్మా. పాతవి."

"మనదో?"

వాల్‌బుర్గా ముందుకే చూస్తోంది. ఆమె చెయ్యి ముసలమ్మ వీపు వెనక, తన చేతికి జానెడు దూరంలో ఉంది.

"మనదీ ఉంది" అన్నాడు. "వాల్‌బుర్గా మంచం మీద ఉంది. మాగ్నస్‌ని ఎత్తుకుంది. నువ్వు గిన్నె పట్టుకున్నావు."

"మరి నువ్వు? నువ్వెక్కడున్నావు?"

"గుంటలో ఉన్నానమ్మా. తాగి పడుకుని ఉన్నాను."

"ఏంటీ? ఈ వాద్యాల్లో వినబళ్ళేదురా. గట్టిగా చెప్పు."

సరిగ్గా అప్పుడే వాద్యాలు ఆగాయి. వెండెలిన్ గొంతు సవరించుకుని, ముందు బల్లల దాకా వినపడేలా, మళ్ళీ చెప్పాడు.